వాక్యం వేరు పట్టాలంటే

ప్రియమైన నాయనకు, ప్రభువు నామమున పెదనాన్న రాస్తున్నది.

బాప్తిస్మం తీసుకున్న ఏడాదిలోనే బైబిలు ముగించాలని రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదువుతున్నావనీ, మధ్యాహ్నానికల్లా పొద్దున చదివింది గుర్తుండటం లేదనీ నీ ఉత్తరంలో రాశావు. 1189 అధ్యాయాలను 365 రోజులకు పంచితే ఆ లెక్కే వస్తుంది. నేనూ పదేళ్లపాటు ఆ లెక్క తప్పకుండా చదివాను. ఆ పదేళ్లూ మన కిరాణా కొట్టులో బెల్లంతోపాటు దాని కింద వేసే దళసరి కాగితాన్నీ కలిపే తూచాను.

ఒకనాడు సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనం దగ్గర ఆగిపోయాను: “దొంగత్రాసు యెహోవాకు హేయము.” అంతకుముందు ఏటా దాటిపోయిన మాటే. ఆ రోజు మరేమీ చదవకుండా దాన్నే నోట్లో నానబెట్టుకుంటూ కొట్టు తెరిచాను. తొలి బేరానికి వచ్చిన ముసలమ్మ పావుకిలో బెల్లం అడిగింది. తక్కెడలో కాగితం వేశాక నా చేయి ముందుకు సాగలేదు. రాళ్లు పెట్టే పళ్లెంలోనూ అంతే కాగితం వేసి, అప్పుడు తూచాను. నష్టమెంతని రాత్రి లెక్క చూసుకుంటే పట్టుమని రెండు రూపాయలు లేదు. ఆ రెండు రూపాయలకు పదేళ్లు లోబడ్డానా అని సిగ్గుపడ్డాను.

అందుకే, తక్కువ చదివి ఎక్కువసేపు దగ్గర ఉంచుకోమంటున్నాను. మొదటి కీర్తనలో “దివారాత్రము దానిని ధ్యానించువాడు” అన్నచోట హెబ్రీ మాటకు పెదవులు కదుపుతూ తనలో తాను గొణుక్కోవడమనే అర్థం కూడా ఉంది. ఆవు మేతను గబగబా మింగినా, నీడన పడుకొని నెమరువేస్తేనే గదా అది ఒంటికి పడుతుంది! వచనాన్ని చేత్తో కాగితం మీద రాసి జేబులో పెట్టుకో; ఫోనులో దాచినది ఫోనులోనే ఉండిపోతుంది.

ఏ వచనమంటావా? డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరం దేవుని వాగ్దాన వచనం రాసివున్న వాగ్దాన కార్డులు తీసి గోడకు అంటించుకుంటాం గాని, ఆజ్ఞను అంటించుకున్న ఇల్లు నేను చూడలేదు. నిన్ను గుచ్చే వచనాన్నే ఎంచుకో. పై అధికారి మీద కోపం చల్లారడం లేదన్నావు గనుక, “సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు” అన్న ఎఫెసీ పత్రికలోని మాటను ఒక నెల పట్టుకో. ఆఫీసు నుంచి బయలుదేరేముందు ఆయనతో ఒక్క మంచి మాట మాట్లాడి రా. మాట పెగలని రోజున, పెగల్లేదని ప్రభువు దగ్గర ఒప్పుకొని పడుకో.

నెలలోనే మార్పు కనబడలేదని దిగులుపడకు. ప్రభువు యేసు చెప్పిన విత్తువాని ఉపమానంలో వెంటనే మొలిచినవి మన్ను లోతులేని రాతినేల గింజలే. మంచినేలను గురించి చెప్పేచోట “ఓపికతో ఫలించువారు” అన్న మాట లూకా సువార్తలో మాత్రమే కనిపిస్తుంది; రైతు బిడ్డవు, నీకు వేరే చెప్పాలా?

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు ఆ కాగితం వెంట తీసుకురా. ఎంత నలిగిందో చూస్తాను.

ఇట్లు,
పెదనాన్న