పొట్టలో యాసిడ్ తక్కువైతే ఒళ్లు చేయదా?

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 31, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. ఎనిమిది నెలల కిందట 58 కిలోలు ఉండేవాణ్ని, ఇప్పుడు 50కి వచ్చాను. నాలుగు ముద్దలు తినగానే పొట్ట నిండిపోతుంది. ఉబ్బరం, తేన్పులు. ఎండోస్కోపీలో ‘యాంట్రల్ గ్యాస్ట్రైటిస్’ (పొట్ట కింది భాగంలో లోపలి పొర వాపు) అని రాశారు, ఆర్‌యూటీ నెగటివ్. బయాప్సీ తీయలేదు. పది నెలలుగా రోజూ పాంటోప్రజోల్-డోంపెరిడోన్ క్యాప్సూల్ వేసుకుంటున్నాను, ఎండోస్కోపీ రోజు కూడా వేసుకున్నాను. వంటసోడా నీళ్లు తాగి చూస్తే తేన్పు రాలేదు. అంటే యాసిడ్ తక్కువని నెట్‌లో చదివి యాపిల్ సైడర్ వెనిగర్ మొదలుపెట్టాను. పప్పు, పాలు, పెరుగు, నెయ్యి, చెనిక్కాయలు అన్నీ మానేశాను. గుడ్డు తింటాను, మాంసం తినను. బి12 142, హిమోగ్లోబిన్ 11.2. శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను. ఏం తింటే ఒళ్లు చేస్తుంది?

జవాబు: పొద్దున యాసిడ్‌ను ఆపే క్యాప్సూల్ వేసుకుంటున్నారు, ఆ తర్వాత యాసిడ్ చాలడం లేదని వెనిగర్ తాగుతున్నారు. పది నెలలు పాంటోప్రజోల్ వాడితే ఎవరి పొట్టలోనైనా యాసిడ్ తగ్గే ఉంటుంది. ఆ మందు పనే అది, దాన్ని కొత్త జబ్బు అనుకోనక్కర్లేదు. వంటసోడా పరీక్షను లెక్కలోకి తీసుకోకండి. ఎంత సోడా కలిపారు, ఎప్పుడు తిన్నారు, ఎంత గాలి మింగారు అన్నదాన్ని బట్టి తేన్పు వస్తుంది, పోతుంది. వెనిగర్ ఈ రోజే ఆపేయండి. వాచి ఉన్న పొర మీద పులుపు పోస్తే మంట తప్ప ఒరిగేదేమీ లేదు. ఆన్‌లైన్‌లో దొరికే బీటైన్ హైడ్రోక్లోరైడ్ మాత్రల జోలికీ వెళ్లొద్దు.

యాసిడ్ తగ్గితే తిన్నది ఒంటపట్టదని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. అన్నం, నెయ్యి, పప్పులోని మాంసకృత్తులు ప్రధానంగా అరిగేది చిన్నపేగులో, క్లోమం నుంచి వచ్చే ఎంజైములతో. పొట్టలోని యాసిడ్, పెప్సిన్ అనే ఎంజైము చేసేది ముందు విడత పని మాత్రమే. యాసిడ్ తక్కువైతే దెబ్బతినేవి వేరే: బి12, ఇనుము, కొంతవరకు కాల్షియం. ఇంకొకటి, ఆహారంతో లోపలికి వెళ్లే క్రిములను చంపే కాపలా సడలుతుంది. కాబట్టి మీరు 8 కిలోలు తగ్గింది యాసిడ్ లేకపోవడం వల్ల కాదు. పళ్లెంలోంచి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చారు, చివరికి ఇడ్లీ, చారన్నమే మిగిలినట్టుంది. చాలావరకు కారణం అదే కావచ్చు. కానీ అదే అని తేల్చే ముందు చూడాల్సినవి ఉన్నాయి.

ఎనిమిది నెలల్లో 58 నుంచి 50 అంటే దాదాపు 14 శాతం. కావాలని తగ్గకుండా ఆరు నుంచి పన్నెండు నెలల్లో 5 శాతం తగ్గినా కారణం వెతకాలి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగర్ (హెచ్‌బీఏ1సీ), సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించే పరీక్ష), ఫెరిటిన్ (ఇనుము నిల్వ), లివర్, కిడ్నీ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ చేయించండి. ఇవన్నీ మీ ఊళ్లోని స్విమ్స్, రుయా ఆస్పత్రుల్లో జరుగుతాయి. మింగడం కష్టమైనా, ఆగకుండా వాంతులవుతున్నా, నల్లగా తారులాంటి విరేచనం అయినా, వాంతిలో రక్తం పడినా ఈ జవాబు మొత్తం పక్కనపెట్టి ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ఇనుము మాత్రలు వేసుకుంటే మలం ఎలాగూ నల్లబడుతుంది. కానీ అది తారులా జిగటగా, దుర్వాసనతో ఉండదు.

ఇక మీ ఆర్‌యూటీ నెగటివ్ సంగతి. అది హెచ్‌.పైలోరి అనే బ్యాక్టీరియాను పట్టే పరీక్ష. దీర్ఘకాల గ్యాస్ట్రైటిస్‌కు తరచూ కారణం ఇదే. 1982లో మార్షల్, వారెన్ దీన్ని ప్రయోగశాలలో పెంచి చూపించారు, 2005లో నోబెల్ అందుకున్నారు. చిక్కేమిటంటే, పాంటోప్రజోల్ వాడుతుండగా ఈ బ్యాక్టీరియా సంఖ్య తగ్గి, పరీక్షకు అందకుండా పోతుంది. మీరు ఎండోస్కోపీ రోజున కూడా క్యాప్సూల్ వేసుకున్నారు. ఆ నెగటివ్‌ను నేను నమ్మను. పాంటోప్రజోల్ ఆపి రెండు వారాలు, యాంటీబయాటిక్ ఏదైనా వాడితే నాలుగు వారాలు గడిచాక యూరియా బ్రెత్ టెస్ట్ గానీ, మల పరీక్ష (స్టూల్ యాంటిజెన్) గానీ చేయించండి. పాజిటివ్ వస్తే మామూలుగా 14 రోజుల కోర్సు ఉంటుంది. మధ్యలో మానేస్తే బ్యాక్టీరియా మొండికేస్తుంది, రెండోసారి మందు పనిచేయకపోవచ్చు. బరువు ఇంత తగ్గింది కాబట్టి మళ్లీ ఎండోస్కోపీ అవసరమని మీ డాక్టర్ అనుకుంటే, ఈసారి బయాప్సీ తీయమని అడగండి. పొర పలచబడిందా (అట్రోఫీ) లేదా అన్నది కంటితో చూసి కచ్చితంగా చెప్పలేం.

క్యాప్సూల్‌ను ఒక్కసారిగా మానకండి. ఆపిన కొద్దిరోజులకు అణిగి ఉన్న యాసిడ్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. చాలామంది జబ్బు తిరగబెట్టిందని భయపడి మళ్లీ మొదలుపెడతారు, పది నెలలు కాస్తా పదేళ్లవుతాయి. మీ డాక్టర్‌తో మాట్లాడి, డోంపెరిడోన్ (వికారం తగ్గించే మందు) లేని పాంటోప్రజోల్ 40కి మారి రెండు వారాలు, 20తో రెండు వారాలు, తర్వాత రోజు విడిచి రోజు, ఆపైన పూర్తిగా ఆపండి. వేసుకున్నన్నాళ్లూ టిఫిన్‌కు అరగంట ముందే వేసుకోవాలి. మధ్యలో మంట వస్తే యాంటాసిడ్ సిరప్ చాలు. ఒంటినొప్పులకు, తలనొప్పికి డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి మెడికల్ షాపులో కొని వేసుకునే అలవాటుంటే అది ఆగనిదే మిగతావేవీ ఫలించవు. పొగ, మద్యం కూడా అంతే.

బి12 142 అంటే తక్కువ. అరికాళ్లలో తిమ్మిర్లు, మంట ఉంటే ముందు ఇంజెక్షన్లు కావాలి. లేకపోతే రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర కూడా పనిచేస్తుంది, యాసిడ్ లేకపోయినా అంత మోతాదులో కొంత దానంతటదే లోపలికి వెళ్తుంది. బి12 సరిచేయకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడొద్దు. రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయి. ఫెరిటిన్ తక్కువుంటే ఇనుము మాత్రను భోజనం తర్వాత, రోజు విడిచి రోజు వేసుకోండి. దానికి రెండు గంటలు అటూఇటూ కాఫీ, టీ, పాలు వద్దు. కాల్షియం అవసరమైతే కార్బొనేట్ కాకుండా సిట్రేట్ అడగండి, దానికి యాసిడ్ అక్కర్లేదు.

ఇప్పుడు తిండి. మీ పొట్టలో ఇప్పుడు ఒక పూటకు ఎక్కువ తిండి పట్టదు. అందుకే మూడు పెద్ద పూటల బదులు ఆరు చిన్న పూటలు. మంచినీళ్లు భోజనంతో రెండు గుక్కలే, మిగతావి పూటకూ పూటకూ మధ్య. లేకపోతే ముద్ద వెళ్లాల్సిన చోటు నీళ్లే ఆక్రమిస్తాయి. లేవగానే ఖాళీ కడుపున కాఫీ వద్దు, టిఫిన్ తర్వాత ఒక్క కప్పు చాలు.

పొద్దున ఏడున్నరకు మూడు ఇడ్లీ, వాటి మీద చెంచా నెయ్యి, ఒక ఉడకబెట్టిన గుడ్డు. లేదా కప్పు పెసరపప్పు పొంగలి, మిరియాలు గింజలుగా కాకుండా చిటికెడు పొడి. పదిన్నరకు రాగి జావ: రెండు పెద్ద చెంచాల రాగిపిండిని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, పది నిమిషాలు ఉడికించి, 150 మి.లీ. పాలు, చిన్న బెల్లం ముక్క. ఇదొక్కటే దాదాపు 200 కేలరీలు. ఒంటిగంటకు ఒకటిన్నర కప్పు మెత్తటి అన్నం, పెసరపప్పు, చెంచా నెయ్యి, బీర, సొర, పొట్ల కూరల్లో ఏదో ఒకటి, చివర పెరుగు. నాలుగుకు గుప్పెడు (30 గ్రాములు) చెనిక్కాయ పప్పులు ఉడకబెట్టి, ఒక అరటిపండు. రాత్రి ఏడున్నరకు అన్నమో, సగం ముద్ద సంగటో పప్పు, నెయ్యితో. తొమ్మిదింటికి గోరువెచ్చని పాలు ఒక గ్లాసు, పదకొండుకు పడక.

సంగటిని అందరూ అనుమానిస్తారు గానీ తప్పు దానిది కాదు, పక్కన నంజుకునే ఊరుబిండి (చెనిక్కాయల పచ్చడి) కారానిది, పులుసులో చింతపండుది. కారం గ్యాస్ట్రైటిస్‌ను పుట్టించదు, ఉన్న మంటను రేపుతుంది. ఊరుబిండిలో ఎండుమిర్చి పావు వంతుకు తగ్గించి చెనిక్కాయలు అలాగే ఉంచండి. మీకు కావాల్సింది ఆ చెనిక్కాయలే. తిరుమల లడ్డూ అయితే భోజనం తర్వాత చిన్న ముక్క నిశ్చింతగా తినొచ్చు.

ఇవన్నీ రేపే మొదలుపెడితే ఎల్లుండికి పొట్ట ఉబ్బి మళ్లీ మానేస్తారు. కొవ్వు పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది, కాబట్టి రెండు మూడు చెంచాల నెయ్యి ఒకే పూటలో వద్దు, పూటకొక చెంచా. నెలల తరబడి పప్పు ముట్టని పేగుకు కందిపప్పు ఒక్కసారిగా పెడితే గ్యాస్ తప్పదు. మొదటి వారం నెయ్యి, గుడ్డు మాత్రమే కలపండి. రెండో వారం నానబెట్టి ఉడికించిన పెసరపప్పు పావు కప్పు, జావ. మూడో వారం చెనిక్కాయలు, రాత్రి పాలు. పాలతో కడుపు కదిలితే పెరుగుకు మారండి. యాసిడ్ కాపలా తక్కువుంది కాబట్టి వేడిగా అప్పుడే వండినవే తినండి. రోడ్డు పక్క పానీపూరీ, పొద్దుటి నుంచి బయట ఉన్న చట్నీ వద్దు. మాస్ గెయినర్లు, పేరూ ఊరూ లేని ‘లావయ్యే’ పొడులు కొనకండి. మొదటివాటిలో చాలావరకు చక్కెరే, రెండోవాటిలో స్టెరాయిడ్ కలిసే ప్రమాదం ఉంది.

శనివారం ఒక్కపొద్దు ఒక ఆరు నెలలు వాయిదా వేయండి. మనసొప్పకపోతే ఆ రోజు ప్రతి మూడు గంటలకూ పాలు, అరటిపండు, జావ తీసుకోండి.

వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున పాయిఖానాకు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద తూగి రాసుకోండి. రోజూ తూగితే మనసు పాడవడం తప్ప ఉపయోగం లేదు. వారానికి పావు నుంచి అర కిలో పెరిగితే బాగానే ఉన్నట్టు. మీ ఎత్తుకు కనీసం 53.5 కిలోలు ఉండాలి, మొదటి గమ్యం అదే. రాసినట్టే తిన్నా నాలుగు వారాల్లో కాటా కదలకపోతే, ఆ కాగితం, పాత ఎండోస్కోపీ రిపోర్టు, వాడిన మందుల చీటీలు పట్టుకుని గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి.