కొత్త యంత్రాలు తెచ్చినా ఉత్పత్తి ఎందుకు పెరగదు?

అహ్మదాబాద్ కాలికో మిల్లుకు 1950ల్లో ఎదురైన చిక్కు ఇదే. ఆటోమేటిక్ మగ్గాలు వచ్చినా దిగుబడి ఆశించినట్టు లేదు. 1953లో పనిచోట మనుషుల తీరుపై పరిశోధన చేసే లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ అక్కడి పని అమరికను గమనించారు. నేసేవారు, కండెలు అందించేవారు, తెగిన పోగులు ముడివేసేవారు – ఎవరి పని వారిది. మగ్గం మొత్తానికి బాధ్యులెవరూ లేరు. విడి భాగాలకు బదులు వాటి మధ్య పొత్తు కుదిరిందా అని చూడడమే వ్యవస్థాత్మక ఆలోచన. పనివారితో కలిసి మార్పు చేసి, ఫలితం చూసి, మళ్లీ సరిదిద్దడం క్రియాత్మక పరిశోధన. నివేదిక ఇచ్చి వెళ్లిపోయే సలహాదారులకు ఇది రుచించదు లెండి. రైస్ ఈ దారిలోనే వెళ్లారు. కొన్ని మగ్గాలకు ఒక చిన్న బృందం అని ఆయన అనగానే కార్మికులే జట్లు కట్టారు. మొదట్లో తడబడ్డారు. తర్వాత ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే బట్ట తగ్గింది.