వానలు పడకముందే సెప్టిక్ ట్యాంక్ తోడించేయండి

"నాగారం వైపు పాత ఇండిపెండెంట్ ఇల్లు ఒకటి చూశాం. డ్రైనేజీ లైన్ ఇంకా రాలేదు, సెప్టిక్ ట్యాంకే ఉంది. ఏ కాలంలో ఏ జాగ్రత్త తీసుకోవాలి, ఎన్నేళ్లకోసారి ఖాళీ చేయించాలి?" అని అడిగారు.

రెండు మూడేళ్లకోసారి, ఉగాది దాటాక, మృగశిర కార్తె రాకముందు చేయించండి. బోడుప్పల్‌లో ఇలాంటి ఇంట్లోనే ఉంటున్న మనిషిగా ఈ మాట గట్టిగా చెప్తున్నాను. నిండాక చూద్దాంలే అనుకోవద్దు. నిండిన సంగతి బయటపడేది వానాకాలంలోనే. అప్పుడు చేయించే పని ఎప్పుడూ సరిగ్గా జరగదు.

దీనికి కారణం మన నేల. హైదరాబాద్ చుట్టుపక్కల చాలా కాలనీల్లో పైన కాస్త మట్టి, దాని కిందంతా గ్రానైట్ బండ. ట్యాంక్ నుంచి బయటికొచ్చే నీళ్లు సోక్ పిట్‌లో, అంటే ఇంకుడు గుంతలో ఇంకాలి. ఆగస్టు వచ్చేసరికి ఆ మట్టి అప్పటికే వాన నీళ్లతో నిండిపోయి ఉంటుంది, ఇంక ఎక్కడ ఇంకుతాయి? వెనక్కి తంతాయి. బాత్రూంలో గుడగుడ శబ్దం వస్తుంది, కమోడ్‌లో నీళ్లు మెల్లగా దిగుతాయి. అందరూ ట్యాంక్ నిండిందనుకుని తోడే ట్యాంకర్ బండి పిలిపిస్తారు. బండి తోడి వెళ్లిన కొద్దిరోజులకే మళ్లీ అదే కథ. నేలలోని నీళ్లే తిరిగి లోపలికి వస్తుంటే ఎంత తోడితే ఏం లాభం? పైగా ఈ మధ్య పెడుతున్న ప్లాస్టిక్ ట్యాంకులను నేల తడిగా ఉన్నప్పుడు పూర్తిగా ఖాళీ చేస్తే, చుట్టూ ఉన్న నీళ్లు వాటిని పైకి లేపేస్తాయి, పైపుల జాయింట్లు ఊడిపోతాయి.

మేం ఈ ఇల్లు కొన్న ఏడాదే సెప్టెంబరులో ముసురు పట్టింది. కింది బాత్రూంలోకి మురుగు ఎదురు తన్నింది. మూత తీద్దామంటే మూత ఎక్కడుందో తెలియదు. పాత ఓనర్ దాని మీద పార్కింగ్ టైల్స్ వేయించేశారు. వానలోనే మేస్త్రీని పిలిపించి, టైల్స్ ఒక్కొక్కటే పగలగొట్టించి వెతికాం. మూత దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. ప్రైవేటు ట్యాంకర్ వచ్చింది. పైన ఉన్న నీళ్లు పైపుకు బాగానే వచ్చాయి కానీ అడుగున ఏళ్ల తరబడి గట్టిపడిన బురద కదల్లేదు. ట్యాంకర్ అతను మా ఆయన్ని పక్కకు పిలిచి, "మనిషి దిగితేనే అయితది సార్, దానికి వేరే ఇవ్వాలె" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే అతనితో వచ్చిన అబ్బాయి చొక్కా విప్పి నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

మా అత్తయ్య నల్గొండ మనిషి. అప్పటిదాకా వరండాలో కూర్చుని చూస్తోంది. లేచి వచ్చి ఆ పిల్లాడి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు దిగొద్దు బిడ్డా."

"ఏం గాదమ్మా, రోజూ దిగుతం. పది నిమిషాల పని."

"రోజూ దిగుతవో లేదో నాకెందుకు? నా ఇంట్ల దిగొద్దు. పని గాకపోతే పాయె, కంపుల మేముంటం."

ట్యాంకర్ అతనికి కోపం వచ్చింది, వెళ్లిపోతానన్నాడు. అత్తయ్య చెయ్యి వదల్లేదు. చివరికి ఆ అబ్బాయే ఉపాయం చెప్పాడు. బయట నిలబడే లోపలికి నీళ్లు కొట్టారు, పొడుగాటి వెదురు బొంగుతో కలిపారు, ట్యాంకర్‌లోకి లాగిన నీళ్లనే తిరిగి వేగంగా లోపలికి వదిలి బురదను కదిలించారు, మళ్లీ లాగారు. చీకటి పడింది కానీ పని అయింది. అంటే మనిషి దిగకుండా ఆ పని చేయొచ్చని వాళ్లకు ముందే తెలుసు. టైం ఎక్కువ పడుతుంది, డీజిల్ ఎక్కువ కాలుతుంది, అంతే తేడా. ఆ కాస్త డీజిల్ కోసం ఒక పిల్లాణ్ణి గోతిలోకి దించడం నేను ఇప్పటికీ జీర్ణించుకోలేను.

లోపల ఏముంటుందో చాలామందికి తెలియదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల. అది బాగా ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పట్టడమే మానేస్తుంది. వాసన తగ్గింది, గ్యాస్ పోయింది అనుకుని దిగినవాడు అక్కడే పడిపోతాడు. వాణ్ణి లాగడానికి ఇంకొకడు దిగుతాడు, అతనూ పడిపోతాడు. పేపర్లలో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోయారని చదివేది అందుకే. దీపం దించి చూస్తామనే వాళ్లున్నారు, అది ఇంకా ప్రమాదం. లోపల మీథేన్ ఉంటుంది, అంటుకుంటుంది.

2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంక్‌లోకి దించడం నేరం. కార్పొరేషన్‌కో కాంట్రాక్టరుకో మాత్రమే కాదు, పని చేయించుకునే ఇంటి వాళ్లకూ వర్తిస్తుంది. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మురుగు పనిలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. డబ్బు లెక్క పక్కన పెట్టినా, మన ఇంటి మలం కోసం మన వాకిట్లో ఒకరు చనిపోతే ఆ ఇంట్లో అన్నం ఎలా తింటాం?

అందుకే ఎండాకాలం అంటున్నాను. ఏప్రిల్, మే నెలల్లో తొందర ఉండదు. ట్యాంకర్ అతను మనిషి దిగాల్సిందే అంటే, వద్దు పొమ్మని ఇంకొకరిని పిలుచుకునే తీరిక ఉంటుంది. సెప్టిక్ ట్యాంకులు తోడించే హెల్ప్‌లైన్ 14420కి గానీ, జలమండలి (హైదరాబాద్ వాటర్ బోర్డు) 155313కి గానీ ఫోన్ చేసి బుక్ చేసుకోండి. తోడిన సరుకు ఎక్కడ పోస్తారో కూడా అడగండి. శుద్ధి కేంద్రానికి తీసుకెళ్లాలి. రాత్రిపూట నాలాలో వదిలేసే బండ్లు ఉన్నాయి, అవి వదిలిందంతా చేరేది మూసీలోకే. మూసీ కంపు గురించి మాట్లాడే వాళ్లంతా తమ ఇంటి ట్యాంకర్ ఎటు పోయిందో ఒక్కసారైనా అడిగారా?

ఇక బిల్డర్లు. 150 గజాల ప్లాటంటే 30 అడుగులు, 45 అడుగులు. సోక్ పిట్‌కీ తాగునీటి బావికీ మధ్య 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలని మన దేశ ప్రమాణాలు చెప్తాయి. ప్లాటు పొడవే 45 అడుగులైతే 60 అడుగుల దూరం ఎక్కడ దొరుకుతుంది? మన బోరుకు కాస్త దూరం పెడితే పక్కింటి బోరుకు దగ్గరవుతుంది. ఇవేవీ చూడకుండా గేటు పక్కన సంపు, దాని పక్కనే సెప్టిక్ ట్యాంక్ కట్టి అమ్మేస్తున్నారు. అలాంటి చోట బోరు నీళ్లు తాగకండి, సంపు గోడలో పగులు ఉందేమో ప్రతి ఏడాదీ చూసుకోండి.

మిగతా కాలాల సంగతి తక్కువే. వానాకాలంలో డాబా మీది నీళ్ల పైపు సెప్టిక్ ట్యాంక్‌లోకి పోకుండా చూడండి, చాలా ఇళ్లలో అలాగే కలిపేసి ఉంటుంది. వారం బట్టలన్నీ ఆదివారం ఒక్కరోజే ఉతక్కండి. ట్యాంక్‌లోని గ్యాస్ బయటికి పోయే వెంట్ పైపుకు దోమల జాలీ కట్టించండి. చలికాలంలో సంక్రాంతికి సకినాలు, అరిసెలు కాల్చిన నూనె సింక్‌లో పోయొద్దు, పైపులోనే జిడ్డుగా పేరుకుపోతుంది. యాసిడ్, ఫినాయిల్ విచ్చలవిడిగా వాడితే లోపల పనిచేసే బాక్టీరియా చచ్చిపోతుంది. ఆ బాక్టీరియా కోసం పొడులు, ఈస్ట్, బెల్లం నీళ్లు పోయమని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. కావలసినంత బాక్టీరియా మలంలోనే ఉంటుంది.

మీరు చూసిన ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేముందు ఓనర్‌ను ట్యాంక్ మూతలు చూపించమనండి. టైల్స్ కింద ఉన్నాయంటే అతని ఖర్చుతోనే పగలగొట్టించి, అతని చేతే ఒకసారి పూర్తిగా తోడించి, తర్వాతే రిజిస్ట్రేషన్ డేట్ పెట్టుకోండి. కుదరదంటే ఆ ఖర్చు ఇంటి ధరలో తగ్గించమనండి. తోడే రోజు మాత్రం మీరు దగ్గరే నిలబడండి.