ఇటాలియన్ క్రియలు బట్టీ పట్టే ముందు

చి. సౌమ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఇటలీలోని పాదొవాలో సీటు వచ్చిందని, క్రియల పట్టికలు అప్పుడే బట్టీ పడుతున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ ఏ రూపాన్నీ ఎక్కడ నొక్కి పలకాలో తెలియకుండా బట్టీ పట్టకు. మిలానోలో మన పిల్లలకు నేర్పుతూ ఇన్నేళ్లుగా చూస్తున్నాను, తడబడేది అక్కడే. తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కినా అర్థం మారదు. ఇటాలియన్‌లో మారిపోతుంది. మొదటి అక్షరం నొక్కి 'కాపితనొ' అంటే 'జరుగుతుంటాయి'. మూడోది నొక్కి 'కపితానొ' అంటే కెప్టెన్. రాతలో రెండూ ఒకటే. చివరి అచ్చును నొక్కాల్సినప్పుడే దాని మీద గుర్తు పెడతారు: 'పర్లొ' అంటే నేను మాట్లాడతాను, చివర నొక్కితే ఆమె మాట్లాడింది.

అన్నిటికంటే 'వాళ్లు' రూపం మీద శ్రద్ధ పెట్టు. చాలామంది 'పర్లానొ' అనేస్తారు, అది తప్పు. ముందు 'పర్ల' (ఆమె మాట్లాడుతుంది) అను. 'పర్' మీది నొక్కు కదపకుండా చివర 'నొ' తగిలించు: పర్-ల-నొ. అలాగే ఆబిత, ఆబితనొ, తెలేఫొన, తెలేఫొననొ. ఇవి 'ఆరె' క్రియలు, అంటే మూలరూపం 'ఆరె'తో ముగిసేవి. 'ఎరె', 'ఇరె' క్రియలకైతే 'నేను' రూపానికి తగిలించాలి: కపిస్కొ, కపిస్కొనొ. 'మేము', 'మీరు' అన్నప్పుడు మాత్రం నొక్కు చివరి వైపు జరుగుతుంది: అబిత్యామొ, అబితాతె. 'ఎరె' క్రియల మూలరూపాలకు సూత్రం వెతకకు, డిక్షనరీ చూసుకో. 'లెజ్జెరె'లో నొక్కు మొదట్లో, 'వెదేరె'లో మధ్యలో ఉంటుంది.

అక్షరాలు విడగొట్టడం తేలికే. ద్విత్వం రెండు ముక్కలవుతుంది: మెత్-తె-రె. 'స్'తో మొదలయ్యే హల్లుల జంటను రాతలో విడదీయరు: క-పి-స్కొ. అదే క్రియలో 'నువ్వు' రూపం 'కపిష్షి' అవుతుంది, ఎందుకంటే ఇ, ఎ ముందు ఆ 'స్క' జంట పలుకు మారుతుంది.

ద్విత్వం విషయంలో నీకు టెన్షన్ అక్కర్లేదు. 'పర్లెరేమొ' అంటే మాట్లాడతాం, 'పర్లెరెమ్మొ' అంటే వీలుంటే మాట్లాడేవాళ్లం. ఇంగ్లీషువాళ్లకు ఈ తేడా వినిపించడమే కష్టం. 'అమ్మ' అన్నట్టే ఆ 'మ్మ' నిండుగా పలుకు చాలు. ఇంగ్లీషు అలవాటుతో 'ట', 'డ' మాత్రం రానివ్వకు, అక్కడ మన 'త', 'ద'లే.

నీకు నచ్చిన పది క్రియల 'వాళ్లు' రూపాలు చదివి ఆదివారంలోగా వాట్సాప్‌లో వాయిస్ పంపు. విని చెప్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ