హీలర్లందరూ వైద్యులేనా?

సందేహం: మిత్రులం కొందరం కలిసి ఒక ఆన్‌లైన్ యుద్ధక్రీడను తెలుగులో తయారుచేస్తున్నాం. అందులో హీలర్లు, అంటే తోటి ఆటగాళ్లను బాగుచేసే పాత్రలు, నాలుగు రకాలు. ఒకరు తగిలిన గాయాన్ని అప్పటికప్పుడు నయం చేస్తారు. ఒకరి మందు కొద్దికొద్దిగా పనిచేస్తుంది. ఒకరు దెబ్బ పడకముందే కవచం వేస్తారు. ఇంకొకరు శత్రువును కొడుతుంటే ఆ దెబ్బే మనవాళ్లకు ప్రాణబలంగా మారుతుంది. అందరినీ ‘వైద్యుడు’ అంటే తేడా తెలియడం లేదు. ‘స్వస్థపరచువాడు’ అనవచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: అనవచ్చు, తప్పు కాదు. కానీ ఆ మాట వింటే ఇవాళ స్వస్థత కూటాలు గుర్తుకొస్తాయి, రణరంగంలో అతకదు. ‘భిషక్కు’ పుస్తకాల్లో మిగిలింది. ‘వెజ్జు’ వైద్యుడికి తద్భవం, మంచి మాట, వాడేవాళ్లే లేరు.

అసలు చిక్కు మీరు నామవాచకంతో మొదలుపెట్టడంలో ఉంది. తెలుగువాడు వైద్యాన్ని క్రియల్లో దాచుకున్నాడు. పుండు మానుతుంది, జ్వరం తగ్గుతుంది, ఎముక అతుకుతుంది, విషం దిగుతుంది, ఒళ్లు కుదుటపడుతుంది. ఒకదాని చోట ఇంకోటి పెట్టి చూడండి. జ్వరం అతకదు, ఎముక దిగదు.

కుదుటపడటం దగ్గర కాసేపు ఆగనివ్వండి. కుదురంటే కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట. చెట్టు మొదట్లో నీళ్లు నిలవడానికి చేసే పాదు కూడా కుదురే. ఏరు ‘ఏట’, నోరు ‘నోట’ అయినట్టే కుదురు ‘కుదుట’ అయింది. రోగి బాగుపడటమంటే తన చోట తాను తిరిగి నిలవడమన్నమాట. ‘స్వస్థుడు’ అన్నప్పుడు సంస్కృతం చెప్పిందీ అదే, తనలో తాను ఉన్నవాడని. తెలుగుకు ఆ సంగతి చెప్పడానికి గడ్డిచుట్ట చాలింది! బేరం కుదరడం, పెళ్లి కుదరడం, పిల్లలు కుదురుగా కూర్చోవడం మీకు తెలిసినవే. ఇక ‘కుదుర్చు’ చూడండి. వైద్యుడు రోగం కుదిర్చాడంటే నయం చేశాడని. అదే ‘వాడి రోగం కుదిరింది’ అంటే తగిన శాస్తి జరిగిందని. తిక్క కుదర్చడం సరేసరి.

మీ నాలుగో హీలర్ సరిగ్గా ఇక్కడ దొరుకుతాడు. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటలో 2021లో చేరిన సేజ్ అనే హీలర్ ఈ తరహావాడేనని మా మనవడు చెప్పాడు. కార్డియా అనే బంధం ఒక మిత్రుడికి వేసి, శత్రువును కొడుతూ పోతాడట, ప్రతి దెబ్బకూ ఆ మిత్రుడు కోలుకుంటాడట. శత్రువు తిక్కా మిత్రుడి రోగమూ ఒకేసారి కుదురుతాయి. వాణ్ణి ‘కుదుర్పరి’ అనాలని నా చాపల్యం. నేర్పు నేర్పరి అయినప్పుడు కుదుర్పు కుదుర్పరి ఎందుకు కాకూడదు? మొదటివాడు ‘మాన్పరి’, రెండోవాడు ‘తేర్పరి’ (తేరుకోవడం మెల్లగానే జరుగుతుంది కదా). వైయాకరణులు నుదురు చిట్లిస్తే అది వారిష్టం. అదే ఆటలో స్కాలర్ (పండితుడు) కూడా హీలరేనని విని మాత్రం ముచ్చటపడ్డాను.

పని తేడాను బట్టి పేరు పెట్టడం కొత్తేమీ కాదు. యుద్ధకాండలో జాంబవంతుడు హనుమంతుణ్ణి తెమ్మన్న ఓషధులు నాలుగు. చచ్చినవాళ్లను బతికించేది మృతసంజీవని, ఒంట్లో దిగిన బాణపుముల్కును తీసేది విశల్యకరణి, తెగినదాన్ని అతికించేది సంధానకరణి, పోయిన మేనిచాయను తిరిగి తెచ్చేది సావర్ణ్యకరణి. మనమేమో ‘సంజీవని’ ఒక్కదాన్నే పట్టుకుని మిగతా మూడింటినీ కొండమీదే వదిలేశాం! 1999 నాటి ఆన్‌లైన్ ఆట ఎవర్‌క్వెస్ట్‌లో క్లెరిక్కులు (ఆ ఆటలో హీలర్లు) వరసగా పది సెకన్ల మంత్రం ఒక్కటే వంతులవారీగా చదివేవారట. అలాంటి ఆటకు ఒక్క ‘వైద్యుడు’ చాలు. మీ నలుగురికి చాలడు.

కవచం వేసేవాడి సంగతి తేలలేదు. దెబ్బే తగలనప్పుడు అది వైద్యమెలా అవుతుంది? ‘కవచధారి’ తొడుక్కున్నవాడవుతాడు, ‘రక్షకుడు’ అంటే రక్షకభటుడు, అదే పోలీసు, గుర్తుకొస్తాడు. రక్ష కట్టడం మన పలుకుబడే కాబట్టి ప్రస్తుతానికి ‘రక్షకట్టు’ అని రాసుకోండి. ఇంతకన్నా మంచిది తడితే మార్చండి, నేను అడ్డుపడను.

అడ్డుపడేది తెరమీద కనిపించే వాక్యాలకు. మీరు జతచేసిన నమూనాలో ‘మీరు నయం చేయబడ్డారు’ అని ఉంది. ఈ ‘బడు’ జబ్బుకు మందెవరిస్తారు? ‘గాయం మానింది’ అనండి, రెండు మాటల్లో పోతుంది. చచ్చినవాణ్ణి బతికించే మంత్రానికి ‘లేపు’ అని మీటపేరు పెట్టారు. నిద్రపోయేవాణ్ణయితే లేపవచ్చు. ఈనాటి వాడుకలో ‘వాణ్ణి లేపేశారు’ అంటే చంపేశారని. ఆటగాడు మిత్రుడి మీద ఆ మీట నొక్కడానికి జంకుతాడు. ‘బతికించు’ అని మార్చండి.