వావిలాకు క్యాప్సూల్స్ వాడుతూ మోకాలి నొప్పి మాత్ర మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 58, బరువు 60 కిలోలు. ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మోకాళ్లు అరిగాయన్నారు. రెండేళ్లుగా దాదాపు రోజూ డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటున్నాను. వావిలాకు సారం ఎలుకల్లో నొప్పిని, వాపును తగ్గించిందని చదివి మా అబ్బాయి 500 మి.గ్రా. క్యాప్సూల్స్ తెచ్చాడు. మాత్ర మానేసి ఇవి వాడవచ్చా?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లు పోయడం, ఒళ్లు నొప్పులకు ఆ ఆకుతో కాపడం పెట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న వాడుకే కాబట్టి మీ అబ్బాయి ఆశను నేను తప్పుపట్టను. 2003లో శ్రీలంక పరిశోధకులు కూడా వావిలాకు నీటి సారాన్ని ఎలుకలకు తాగించి, వాపు, నొప్పి తగ్గినట్లు నమోదు చేశారు. అయితే ఇలాంటి పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే, అది మీ మోకాలి గురించి ఎంతవరకు చెప్పగలదో మీకే అర్థమవుతుంది.

సాధారణంగా ముందు ఎలుకకు సారం తాగించి, అరగంటో గంటో ఆగి, సముద్రపు నాచు నుంచి తీసే కారాజీనన్ అనే పదార్థాన్ని దాని వెనక పాదంలోకి ఎక్కిస్తారు. మూడు నుంచి ఐదు గంటల్లో పాదం బాగా వాస్తుంది; సారం తాగిన ఎలుకల వాపును, ఏ మందూ ఇవ్వని వాటితోను, డైక్లోఫెనాక్ వంటి మందు ఇచ్చిన వాటితోను పోల్చి కొలుస్తారు. నొప్పికైతే చిట్టెలుక పొట్టలోకి పలుచని ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి, అది ఎన్నిసార్లు మెలికలు తిరిగిందో లెక్కపెడతారు. మత్తు కలిగించే మందు ఇచ్చినా ఆ మెలికలు తగ్గుతాయి కాబట్టి ఈ ఒక్క లెక్కతో నొప్పి తగ్గిందని తేల్చలేము. పైగా, మందు ముందే పడ్డాక గంటల్లో వచ్చిన పాదం వాపు వేరు, ఏళ్ల తరబడి అరిగిన మోకాలు వేరు.

మోతాదు సంగతి చూడండి. ఎలుకలకు కిలో బరువుకు 400 మి.గ్రా. సారం ఇచ్చారనుకుందాం. ఎలుక మోతాదును మనిషికి మార్చడానికి సుమారు 6.2తో భాగిస్తారు, ఆ లెక్కన 60 కిలోల మీకు రోజుకు దాదాపు నాలుగు గ్రాములు, అంటే ఎనిమిది క్యాప్సూల్స్ అవుతుంది. అంత మోతాదు మీ కాలేయానికి, మూత్రపిండాలకు సురక్షితమని ఎలుక పాదం చెప్పదు. అది మనుషులపై పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఉదాహరణకు, అందుగు చెట్టు బంక సారాన్ని నాగపూర్‌లో మోకాలి అరుగుదల ఉన్న 30 మందిపై పరీక్షించారు; ఎనిమిది వారాలు కొందరికి మందు, కొందరికి మందులేని మాత్ర ఇచ్చి, తర్వాత తారుమారు చేశారు. మీ క్యాప్సూల్‌పై కనీసం అలాంటి పరీక్ష జరిగిందేమో అమ్మినవారిని అడగండి.

డైక్లోఫెనాక్ మానేయాలన్న మీ ఆలోచన మాత్రం సరైనదే. షుగర్, బీపీ ఉన్నవారు డైక్లోఫెనాక్ రోజూ మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, బీపీ పెరగవచ్చు, కడుపులో పుండ్లు పడవచ్చు. వావిలాకు సంగతి ఎలా ఉన్నా ఈ అలవాటు ఆగాలి. ముందు మూత్రపిండాల స్థితి తెలిపే సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించి, బీపీ మాత్రల చీటీతో సహా మీ డాక్టరుకు చూపించి, నొప్పికి పూత మందు గానీ పారాసిటమాల్ గానీ సరిపోతుందేమో అడగండి. తొడ కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి. అరిగిన మోకాలికి వాటి మేలు మనుషుల్లోనే రుజువైంది.

వావిలాకు కాపడం కావాలంటే పెట్టుకోండి, కానీ షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే వేడి తెలియక చర్మం కాలుతుంది కాబట్టి ఆ వేడిని ఇంట్లో మరొకరు చేత్తో చూశాకే పెట్టించుకోండి.