నాలుగు, అయిదు తరగతుల పిల్లల చేత ఇంట్లో ఏం చేయించవచ్చు?

గుంటూరు నుంచి ఒక అమ్మగారి ప్రశ్న: బాబు నాలుగో తరగతి, పాప అయిదు. ట్యూషన్ మాన్పించాం. నెట్‌లో వర్క్‌షీట్లు ప్రింటు తీయించి ఇస్తే రెండు రోజులు చేశారు, మూడోరోజు ఏడుపులు. ఫోను చేతికివ్వకుండా, చదువు పోకుండా ఇంట్లో ఏం చేయించాలి? రోజుకి ఎంతసేపు కూర్చోబెట్టాలి?

మీ ప్రశ్న చదువుతుంటే మా అటక గుర్తొచ్చిందండీ. రెండేళ్ళ కింద నేను ప్రింటు తీయించిన వర్క్‌షీట్ల కట్ట ఇంకా అక్కడే ఉంది, సగానికి పైగా తెల్లగానే. దాంతోపాటు సోమవారం లెక్కలు, మంగళవారం సైన్సు అంటూ స్కెచ్ పెన్నులతో నేను గీసిన చార్టు కూడా. ఆ టైంటేబుల్ ఆరు రోజులు నడిచింది. ఏడోరోజు మా చిన్నోడు దాని వెనకవైపు లారీ బొమ్మ వేసుకున్నాడు. బాగానే వేశాడు.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. నేను టీచర్ని కాదు, డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేశాను. మా అమ్మాయి ఇప్పుడు ఏడో తరగతి, అబ్బాయి ఆరు. వాళ్ళు మీ పిల్లల వయసులో ఉన్నప్పుడు మా ఇంట్లో ఏది కుదిరిందో, ఏది చెడిందో అంతవరకే చెప్పగలను.

మూడో తరగతి దాటిన పిల్లల్ని "రండి ఆడుకుందాం" అని పిలిచి లెక్కలు చేయించడం కుదరదు. చిన్నపిల్లలైతే నమ్ముతారు. వీళ్ళు "ఇది ఆట కాదు, నువ్వు చదివిస్తున్నావు" అని మొహం మీదే అంటారు. ఈ వయసు వాళ్ళకి నిజమైన పని ఇవ్వాలి. ఎలాంటి పనంటే, తప్పు చేస్తే మనం నోరు విప్పకముందే ఆ తప్పు వాళ్ళకే కనపడాలి. ఇది నాకు ఒక కాగితం కవచం దగ్గర తెలిసింది.

చిన్నోడికి స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ, అర్జునుడి వేషం. నాకేమో పెళ్ళివాళ్ళ జాకెట్లు నెత్తి మీదున్నాయి. "నువ్వే కత్తిరించవే, న్యూస్‌పేపర్లు అతికించి" అని అమ్మాయికి టేపు ఇచ్చాను. వాడి ఛాతీ కొలిచింది, 26 ఇంచీలు. "నాలుగు మడతలు వేసి నాలుగో వంతు దగ్గర గియ్యి, విప్పితే మొత్తం వస్తుంది" అని చెప్పి నా పనిలో పడ్డాను. అది బుద్ధిగా నోట్సు తీసి భాగహారం వేసింది. భాగఫలం 6, శేషం 2. ఆరు దగ్గర గీత గీసింది, కత్తిరించింది, వాడి చుట్టూ చుట్టింది. వీపు దగ్గర కలవలేదు. వాడు ఊపిరి బిగబట్టి "లాగవే అక్కా" అంటున్నాడు, ఇది లాగుతోంది, పేపరు చిరిగేలా ఉంది. చివరికి టేపు తీసి ఆ సందు కొలిచింది. సరిగ్గా రెండు ఇంచీలు. కాసేపు టేపు వంక, కాసేపు నోట్సు వంక చూసి, "అమ్మా, శేషం ఇక్కడుంది!" అని అరిచింది.

అప్పటిదాకా దానికి శేషం అంటే భాగహారం చివర రాసి వదిలేసే అంకె. ఆరోజు అది తమ్ముడి వీపు మీద ఖాళీగా కనపడింది. "ఆ రెండు ఇంచీలనీ నాలుగు మడతలకి పంచాలి, ఎలా పంచుతావు?" అని మాత్రం అడిగాను. పది నిమిషాలు పట్టింది. అర ఇంచి చొప్పున అని తేల్చుకుని ఆరున్నర దగ్గర మళ్ళీ కత్తిరించింది. ఈసారి కవచం సరిపోయింది. పోటీలో ప్రైజు రాలేదు, అది వేరే సంగతి.

అప్పట్నించి మా ఇంట్లో ఒక అలవాటు పడింది. ఏ భాగహారం వచ్చినా "ఇది బట్టా, పెన్సిళ్ళా, ఆటోనా?" అని అడుగుతాను. అదే 26ని నాలుగుతో భాగించండి. 26 పెన్సిళ్ళు నలుగురికి పంచితే తలా ఆరు, రెండు మిగులుతాయి. 26 ఇంచీల బట్టయితే ఆరున్నర. 26 మంది పెళ్ళికి వెళ్ళాలి, ఆటోకి నలుగురు చొప్పున అంటే ఏడు ఆటోలు కావాలి, ఆరున్నర ఆటోలు రావు కదా. లెక్క ఒకటే, జవాబులు మూడు. స్కూల్లో మేడం గారు శేషం 2 అని రాయమంటారు. అదీ తప్పు కాదని పిల్లకి చెప్పాను.

మీ ఇంట్లో మిషను లేకపోయినా ఫర్వాలేదు, టేపు ఒకటి కొనండి. బట్టలు కొలిచే టేపు, ఒక పక్క ఇంచీలు, రెండో పక్క సెంటీమీటర్లు ఉండేది. మంచం తలుపులోంచి పడుతుందా, ఫ్రిజ్ ఆ మూలకి జరిగితే తలుపు తెరుచుకుంటుందా, దిండు గలీబుకి ఎంత గుడ్డ కావాలి... ఇలాంటివి ముందు లెక్కకట్టి చెప్పమనండి. తర్వాత నిజంగా చేసి చూడండి. వాళ్ళ లెక్క తప్పని మీకు ముందే తెలిసినా నోరు మూసుకుని ఉండటమే ఇందులో కష్టం. నాకు ఇప్పటికీ చేత కావడం లేదు.

అయిదో తరగతిలో పెద్ద సంఖ్యలు వస్తాయి. లక్షలు, కోట్లు. పిల్లలు కామాలు పెట్టడం నేర్చుకుంటారు కానీ అదెంతో ఊహకి అందదు. మా వాళ్ళకి అందింది 2024 సెప్టెంబరు వరదల్లో. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులని టీవీలో పదేపదే చెబుతున్నారు. మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షలకే ఇస్తారు, రెండోది 5.69 లక్షలకి. "క్యూసెక్కు అంటే బకెట్టా?" అన్నాడు చిన్నోడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న పెట్టె నిండా నీళ్ళు ఒక్క సెకనులో పోతే అది క్యూసెక్కు. పాత అట్టపెట్టెని టేపుతో కొలిచి ఆ సైజుకి కోసి అతికించాం. అందులో దాదాపు 28 లీటర్లు పడతాయి. మేం కొనుక్కునే 20 లీటర్ల నీళ్ళ టిన్ను దాని పక్కన పెట్టి చూశారు.

ఇక లెక్క మొదలైంది. 11,43,000ని 28తో గుణిస్తే 3,20,04,000 లీటర్లు. మా డాబా మీది ట్యాంకు వెయ్యి లీటర్లది. అంటే సెకనుకి 32 వేల ట్యాంకులు. బ్యారేజీకి 70 గేట్లు. ఒక్కో గేటు కింద నుంచి సెకనుకి 450కి పైగా ట్యాంకులు. అమ్మాయి "ఒకటి" అని లెక్కపెట్టి ఆగింది. "ఇంతలోనే అన్ని ట్యాంకులు వెళ్ళిపోయాయా?" అంది. తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు, ఎందుకంటే మా పిన్నివాళ్ళు అప్పుడు సింగ్‌నగర్‌లో నీళ్ళ మధ్యే ఉన్నారు. అయితే సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. ఊరికి ఒక పక్క కృష్ణ, ఇంకో పక్కనుంచి కొల్లేరు వైపు పోయే బుడమేరు, మధ్యలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. ఈ మ్యాపు గీయడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. సోషల్ పుస్తకంలో ఏ పాఠమూ వాళ్ళు ఇంత శ్రద్ధగా చదవలేదు. మీకు గుంటూరులో మిర్చి యార్డు ఉంది. క్వింటా ధర రోజూ పేపర్లో వస్తుంది. తేజ రకానికి, 334 రకానికి తేడా ఎంత, క్వింటాకి అంతయితే పావుకిలోకి ఎంత, కొట్లో మనం కొనే కారానికి ఎందుకు అంత ఎక్కువ, ఇవన్నీ మీ పాప వయసుకి సరిపోయే లెక్కలే.

సాయంత్రాలు మాత్రం మా అత్తగారి రాజ్యం. ఆవిడ అష్టాచెమ్మా ఆడతారు, నాలుగు చింతగింజలు ఒకవైపు తెల్లగా అరగదీసి. ఎన్ని తెల్లగా పడితే అంత పందెం. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు, నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. చిన్నోడికి అష్టా పడటం లేదని గొడవ, నాయనమ్మ తొండి చేస్తోందని. "అయితే రాసి చూడు" అన్నాను. ఇద్దరూ కలిసి 80 సార్లు వేసి గీతలు పెట్టారు. ఒకటి 15 సార్లు, రెండు 29, మూడు 24, చెమ్మా 9, అష్టా మూడే మూడు. తర్వాత గింజలు పక్కనపెట్టి నాలుగు రూపాయి బిళ్ళలతో 80 సార్లు వేశారు. అప్పుడు అష్టా, చెమ్మా దాదాపు సమానంగా పడ్డాయి. గింజ అరగదీసిన వైపుకి ఎక్కువ మొగ్గుతోందని వాళ్ళే పట్టుకున్నారు. నాయనమ్మ మీద కేసు కొట్టేశారు. దీనికి పెద్ద క్లాసుల్లో సంభావ్యత అనే పేరుందని నేనిప్పటిదాకా చెప్పలేదు.

తెలుగు చదవడం గురించి మీరు అడగలేదు కానీ, ఇంగ్లీషు మీడియం అయితే అక్కడే ఒకసారి చూసుకోండి. మా వాడు నాలుగులో ఉండి కూడా ఒత్తులు కూడబలుక్కుని చదివేవాడు. కథల పుస్తకాలు తెచ్చిపెడితే ముట్టలేదు. పనికొచ్చింది ఎదురింటి మునిసిపల్ స్కూలు పిల్లాడి పుస్తకం. మన రాష్ట్రం గవర్నమెంటు పుస్తకాల్లో లెక్కలు, పరిసరాల విజ్ఞానం ఎదురెదురు పేజీల్లో ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు ఉంటాయి. ఇంగ్లీషులో బట్టీ పట్టిన పాఠాన్ని తెలుగు పేజీలో చదివి "ఓ, ఇదా!" అన్నాడు. ఇంకోటి నా కొలతల పుస్తకం. వచ్చినవాళ్ళ పేరు, భుజం, ఛాతీ, నడుము, చెయ్యి పొడవు నేను చెబుతుంటే వాడు తెలుగులో రాసేవాడు. ఒకసారి చెయ్యి 10 అని చెబితే 16 అని రాశాడు. ఆది జాకెట్టు పక్కన పెట్టి చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే పొట్టి చేతులడిగిన ఆవిడకి మోచెయ్యి దాటేది. వాడి చేతే కొట్టేయించి మళ్ళీ రాయించాను. ఆ తర్వాత రాసింది నాకు పైకి చదివి వినిపించడం వాడే మొదలుపెట్టాడు.

సైన్సుకి వంటిల్లు చాలు. తోడు లేని రోజు రెండు గిన్నెల్లో గోరువెచ్చని పాలు పోసి, ఒకదాంట్లో మిరపకాయ తొడిమలు వేసి, ఒకదాన్ని ఊరికే వదిలేసి పొద్దున్నే చూడమనండి. మిరపకాయలకి మీ ఊళ్ళో లోటేముంది! కరెంటు మీటరు రోజూ ఉదయం ఏడింటికి చూసి రాయడం మా ఇంట్లో నెలన్నర నడిచింది. 75 వాట్ల ఫ్యాను ఒక యూనిట్ కాల్చడానికి పదమూడు గంటల పైనే పడుతుందని తెలిశాక మా అమ్మాయి ఫ్యాను మానేసి ఏసీ మీద పడింది, అది ఆపండని.

ఎండాకాలంలో ఒక్కటి మాత్రం తప్పకుండా చూపించండి. మే 6 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీదికి వస్తాడు, నిలువుగా పెట్టిన గ్లాసుకి నీడ ఉండదు. గుంటూరు మాకంటే కాస్త దక్షిణాన ఉంది కాబట్టి మీకు ఒకరోజు ముందు. మళ్ళీ ఆగస్టు 6 ప్రాంతంలో, మబ్బు లేకపోతే. పన్నెండింటికే ఎందుకు కాదు, కొన్ని నిమిషాలు దాటాక ఎందుకు అని పాప అడిగితే, మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుందని, మనం దానికి పడమరగా ఉన్నామని గ్లోబు మీద చూపించండి. చెప్పులు వేసుకునే డాబా ఎక్కండి, పది నిమిషాల్లో దిగిపోండి. బ్యారేజీ మీదికి తీసుకొస్తే తెల్లవారే రండి. కాలువ మెట్ల దగ్గర మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దు.

ఎంతసేపు అన్నారు. మా ఇంట్లో రోజుకి అరగంట, ముప్పావు గంట. వారానికి నాలుగు రోజులు సాగితే గొప్ప. కొన్ని వారాలు ఏమీ జరగలేదు, ముఖ్యంగా పెళ్ళిళ్ళ సీజన్లో. ఎక్కాలు మాత్రం బట్టీ పట్టించాను, దానికి నా దగ్గర ఇంకో దారి లేదు.

ఫోను సంగతి నిజం చెప్పేస్తాను. పూర్తిగా మాన్పించలేకపోయాను. సాయంత్రం అరగంట ఇస్తాను. ఆ అరగంట ఎప్పుడయిందో గోడ మీది ముళ్ళ గడియారం చూసి వాళ్ళే చెప్పాలి. మా చిన్నోడు నాలుగో తరగతి సగం అయ్యేదాకా ముళ్ళ గడియారం చూడలేకపోయేవాడు. ఈ రూలు పెట్టిన మూడోరోజుకి వచ్చేసింది.